మొండి బోల్టుకు ఓపికే మందు

పది టన్నుల బరువు మోసే లారీని కదలకుండా ఆపేయడానికి బొటనవేలంత బోల్టు చాలు. తుప్పు పట్టి, బిగుసుకుపోయి, ఎంత తిప్పినా 'నేను రానంటే రాను' అని మొరాయించే ఆ బోల్టును ఊడదీయడం ఓ విద్య. అందులో బలం పాలు తక్కువ. ఓపిక పాలు ఎక్కువ.

వెనక చక్రాల మధ్య గోనెపట్టా పరుచుకుని మెకానిక్ వెల్లకిలా పడుకుంటాడు. పైన కమాను కట్టలు. వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు. నాలుగింటిలో మూడు ఊడొచ్చాయి. నాలుగోది మాత్రం కదలదు. పానా వేసి లాగితే చెయ్యి నొప్పి పుడుతుందే తప్ప నట్టు ఒక్క వెంట్రుకవాసి కూడా జరగదు. పక్కన నిలబడ్డ యజమాని గడియారం చూసుకుంటూ ఉంటాడు. సాయంత్రానికి లోడు ఎత్తాలి. ఎత్తకపోతే ఆ కిరాయి ఇంకో లారీకి పోతుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు అంటారు... 'పైపు వేసి గట్టిగా లాగరాదూ!' అని.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. లాగితే రెండే జరగొచ్చు. నట్టు తిరగొచ్చు. లేదా బోల్టు తెగొచ్చు. తెగితే గంట పని కాస్తా రోజు పని అవుతుంది. పానా జారితే వేళ్లు చితుకుతాయి. ఇనుప రజను ఎగిరితే కన్నే పోతుంది. అందుకే చెయ్యి తిరిగిన మేస్త్రీ ఆ మాట విన్నా వినిపించుకోడు. నూనె డబ్బా అందుకుంటాడు.

కాచిగూడకు పాత చుట్టరికం

రైళ్లు, బస్సులు, వాటి మరమ్మతులు... వీటితో కాచిగూడ ప్రాంతానికి ఉన్న బంధం ఈనాటిది కాదు. గుమ్మటాలతో కోటలా కనిపించే కాచిగూడ రైల్వేస్టేషన్‌ను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1916లో కట్టారు. అది నిజాం రైల్వేకు ప్రధాన కేంద్రంగా వెలిగింది. ఆ రైల్వేయే 1932 జూన్‌లో రోడ్డు రవాణాలోకీ దిగింది. 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన ఆ విభాగమే ఇప్పటి ఆర్టీసీకి మూలం.

ఆ తొలినాటి బస్సులు ఆల్బియన్ కంపెనీవి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారై, సముద్రం దాటి వచ్చాయి. వాటిలో ఒకదాన్ని ఆర్టీసీ జ్ఞాపకంగా దాచుకుంది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు కూతవేటు దూరంలో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఉన్న బస్‌భవనే దాని చిరునామా.

అంత పాత బండిని ఎవరు విప్పాలన్నా ముందుగా ఎదురయ్యే చిక్కు తుప్పు ఒక్కటే కాదు. పానా కూడా! ఆ కాలపు బ్రిటన్ వాహనాలకు 'విట్‌వర్త్' కొలతల మరలు ఉండేవి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు 1841లో ప్రతిపాదించిన పద్ధతి అది. దాని తిరకాసు చూడండి... ఆ పానా మీద అర అంగుళం అని రాసి ఉంటే, అది నట్టు వెడల్పు కాదు. లోపలి బోల్టు మందం! నట్టు వెడల్పు దాదాపు 23.4 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి ఈ రోజుల్లో దొరికే 24 నంబరు పానా వేస్తే వదులుగా ఆడుతుంది. గట్టిగా లాగారా... నట్టు అంచులు అరిగి గుండ్రంగా తయారవుతుంది. ఇక ఏ పానాకూ చిక్కదు.

మన రోడ్ల మీద తిరిగిన పాత లారీల్లోనూ ఈ రెండు లెక్కలూ కనిపిస్తాయి. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ బండ్లది మిల్లీమీటర్ల లెక్క. మద్రాసులో 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టి, 1955లో అశోక్ లేలాండ్‌గా మారిన సంస్థ మూలాలేమో బ్రిటన్‌వి. దాని పాత బండ్లలో అంగుళాల మరలు ఎదురవుతాయి. అందుకే పాత చేతుల దగ్గర రెండు రకాల పానాల పెట్టెలూ ఉంటాయి.

తుప్పు ఎందుకంత మొండిది?

ఇనుము, నీరు, గాలి. ఈ మూడూ కలిస్తే తుప్పు. ఇది చిన్నప్పుడు బళ్లో చదువుకున్నదే. కానీ బోల్టు ఎందుకు బిగుసుకుంటుందో అర్థం కావాలంటే ఇంకో సంగతి తెలియాలి. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకుముందు కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య మరల్లో ఉండే సందు ఎంతని? మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. అందులో తుప్పు ఉబ్బితే అది మేకు దిగ్గొట్టినట్టే. రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

దీనికి తోడు ఉప్పు. కాకినాడ, విశాఖ రేవుల మధ్య తిరిగే లారీలు, భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు, రొయ్యలు మోసే బండ్లు తొందరగా తుప్పు పడతాయి. ఉప్పునీరు ఛాసిస్ మీద కారుతూనే ఉంటుంది. హైదరాబాద్ పొడి వాతావరణంలో తిరిగే లారీకి ఆ బాధ కొంత తక్కువ. అయినా ఏటా వానాకాలం దాని పని అది చేసుకుపోతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. నట్టు బిగించేటప్పుడు మనం పెట్టే శక్తిలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. నట్టు అడుగుభాగం రుద్దుకోవడానికి సగం, మరలు రుద్దుకోవడానికి 40 శాతం. నిజంగా బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన 10 శాతమే. తుప్పు పట్టిందంటే ఆ రాపిడి ఎన్నో రెట్లు పెరిగిందన్నమాట. కాబట్టి తుప్పు బోల్టుతో పోరాటమంటే బలం పెంచడం కాదు... రాపిడి తగ్గించడం. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం పని తెలిసినట్టే.

మెట్టు మెట్టుగా...

మొదటి మెట్టు చూడటం, తుడవడం. తీగ బ్రష్‌తో బయటికి కనిపించే మరల మీద మట్టి, తుప్పు గీకెయ్యాలి. లేదంటే నట్టు కాస్త కదిలినా ఆ చెత్తలోనే మళ్లీ ఇరుక్కుంటుంది. ఎటు తిప్పాలో కూడా అప్పుడే చూసుకోవాలి. కొన్ని పాత లారీల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎదురు మరలు ఉంటాయి. చక్రం తిరిగే వేగానికి నట్టు దానంతటదే వదులు కాకుండా చేసిన ఏర్పాటది. ఆ సంగతి తెలియక గంటసేపు విప్పుతున్నామనుకుంటూ బిగించినవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు!

రెండో మెట్టు నూనె. కిరసనాయిలు, డీజిల్... ఏది దొరికితే అది పోయడం పాత అలవాటు. సన్నటి సందుల్లోకి పాకడానికే తయారుచేసిన నూనెలైతే ఇంకా మేలు. డబ్బాల్లో వచ్చే డబ్ల్యూడీ-40 పేరు చాలామందికి తెలుసు. 1953లో అమెరికాలో అట్లాస్ క్షిపణి పైపొరకు తుప్పు పట్టకుండా ఉండేందుకు, నీటిని తరిమేసే మందు కోసం ప్రయత్నిస్తే 40వ ప్రయత్నంలో కుదిరిందట. పేరులోని 40 అదే. ఏ నూనైనా దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టే మరల సందుల్లోకి పాకాలి. దానికి టైము పడుతుంది. పోసిన అయిదు నిమిషాలకే పానా వేస్తే పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే. సాయంత్రం పోసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే ఇంకోసారి పోస్తేనే ఫలితం.

మూడో మెట్టు దెబ్బ. బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు. నట్టుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొట్టడం. ఈ అదురుకు తుప్పు పొర పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోకి నూనె దిగుతుంది. మర చివర మీద మాత్రం నేరుగా కొట్టకూడదు. కొడితే అది పూవులా విచ్చుకుని నట్టు బయటికి రాదు.

నాలుగో మెట్టు తిప్పడం. ఇక్కడ ఓ చిత్రం ఉంది. ముందు విప్పకూడదు... కాస్త బిగించాలి! వెంట్రుకవాసి బిగిసినా తుప్పు పట్టు తెగుతుంది. ఆ తర్వాత విప్పాలి. పావు చుట్టు విప్పి, మళ్లీ కొంచెం బిగించి, నూనె పోసి, ఇంకో పావు చుట్టు. ఒకేసారి బలంగా లాగితే ఊడిన తుప్పు పొడి మరల్లో చేరి మళ్లీ పట్టేస్తుంది.

పైపు వేయడంలో తప్పు లేదు. అడుగు పొడవు పానాకు నాలుగడుగుల పైపు తగిలిస్తే అదే చేతి బలానికి నాలుగింతల తిప్పుడు శక్తి వస్తుంది. కానీ బోల్టు తట్టుకునే శక్తి నాలుగింతలు కాదు కదా! అందుకే పైపు వేసినప్పుడు కుదుపుతో లాగకూడదు. నిదానంగా బరువు పెంచాలి. చేతికి స్పర్శ తెలుస్తుంది. నట్టు తిరిగేటప్పుడు 'టక్'మని విడిపోయినట్టు ఉంటుంది. బోల్టు తెగబోయేటప్పుడు మెత్తగా సాగుతున్నట్టు ఉంటుంది. ఆ మెత్తదనం తగలగానే ఆగినవాడే మేస్త్రీ.

అయిదో మెట్టు మంట. గ్యాస్ మంటతో నట్టును మాత్రమే కాల్చాలి, బోల్టును కాదు. ఇనుము ఒక డిగ్రీ వేడికి తన కొలతలో పది లక్షల వంతుల్లో 12 వంతులు పెరుగుతుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ 24 మిల్లీమీటర్ల నట్టును 400 డిగ్రీల మేర వేడి చేస్తే దాని రంధ్రం మిల్లీమీటరులో పదో వంతుకు పైగా విప్పారుతుంది. అంటే ఓ కాగితం మందం. తుప్పు పట్టు వదలడానికి అది చాలు. కాస్త చల్లారాక కొవ్వొత్తి ముక్క తాకిస్తే కరిగిన మైనం మరల్లోకి పాకుతుంది. నూనె మాత్రం ఆ వేడి మీద పోయకూడదు. భగ్గుమంటుంది.

ఇన్ని చేసినా రాకపోతే ఆఖరి మెట్టు కోత. ఉలితోనో, గ్రైండర్‌తోనో నట్టును చీల్చడం. ఇది ఓటమి కాదు. కొత్త యూ బోల్టు కొనుక్కోవచ్చు, ఇరుసును కాదు. అది దెబ్బతినకుండా పాత బోల్టును బలిచ్చే నిర్ణయమూ నైపుణ్యమే.

అసలు తలనొప్పి బోల్టు లోపలే తెగిపోయినప్పుడు వస్తుంది. బయటికి కాస్త మొన కనిపిస్తుంటే దాని మీద ఓ నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పుతారు. వెల్డింగ్ వేడికి తుప్పు కూడా వదులుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. మొన కూడా లేకపోతే సరిగ్గా నడిమధ్యన రంధ్రం వేసి, ఎదురు మరలున్న 'ఈజీ అవుట్' దించి బయటికి లాగాలి. రంధ్రం పక్కకు పోయిందా, లోపలి మరలు పాడవుతాయి. పేరుకు ఈజీ అవుటే కానీ, అది లోపల విరిగితే అంత కష్టం ఇంకోటి లేదు. ఎందుకంటే దాని ఉక్కు మామూలు డ్రిల్లుకు లొంగదు.

ప్రాణం ఖరీదు చేసే పొరపాట్లు

బోల్టు తెగితే డబ్బుతో పోతుంది. కొన్ని పొరపాట్లకు డబ్బు చాలదు.

గాలి నిండిన టైరు ఉన్న చక్రం మీద మంట పెట్టడం వాటిలో మొదటిది. చక్రం నట్టు రాలేదని గ్యాస్ మంట పట్టుకెళతారు. రిమ్ము వేడెక్కితే టైరు లోపలి రబ్బరు మాడి, మండే వాయువులు పుడతాయి. లోపల ఒత్తిడి పెరిగి, బాంబులా పేలుతుంది. మంట తీసేసిన కాసేపటికి కూడా పేలవచ్చు. టైరు రిమ్ము మీద ఉండగా చక్రానికి మంటా వద్దు, వెల్డింగూ వద్దు. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్‌ల దగ్గర కూడా ఇంతే జాగ్రత్త.

రెండోది, కమాను కట్టలను కాల్చడం. ఆ పట్టీలకు ప్రత్యేకమైన పదును పెట్టి ఉంటుంది. మంట తగిలితే పదును పోతుంది. ఆ రోజు ఏమీ కాదు. ఎప్పుడో లోడుతో వెళ్తుండగా, గుంతలో పడ్డప్పుడు విరుగుతుంది. మంట పెట్టిన చెయ్యి ఎక్కడో ఉంటుంది, ప్రమాదం మరెక్కడో జరుగుతుంది.

మూడోది, ఎయిర్ బ్రేకు ఉన్న లారీల్లో వెనక ఇరుసు దగ్గర ఉండే స్ప్రింగు డబ్బా. అందులో బలమైన స్ప్రింగును నొక్కి బంధించి ఉంచుతారు. తుప్పు పట్టిన మామూలు బోల్టే కదా అని దాని క్లాంపు విప్పితే, డబ్బా ఫిరంగి గుండులా దూసుకొస్తుంది.

నాలుగోది అందరికీ తెలిసిందే, అందరూ మరిచిపోయేదే. కళ్లద్దాలు. వెల్లకిలా పడుకుని పైకి కొట్టే ప్రతి దెబ్బకూ తుప్పు నేరుగా కళ్లలోకే రాలుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి లారీ కింద దూరడం కూడా అంతే ప్రమాదం. చక్రాలకు అడ్డు కట్టెలు, ఛాసిస్ కింద గట్టి స్టాండులు ఉండాల్సిందే.

ఒకప్పుడు షెడ్లలో ఈ పనికి పదేళ్ల పిల్లల్ని దించేవారు. సన్నటి చేతులు సందుల్లో దూరతాయని. ఎందరో ఉస్తాదులు అలా నేర్చుకున్నవాళ్లే. అలా నేర్చుకుంటూ కన్నో వేలో పోగొట్టుకున్నవాళ్లు మాత్రం లెక్కల్లోకి రాలేదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయ్యాక ఇంటివారి పనిలో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. 18 ఏళ్లలోపు వారిని ప్రమాదకరమైన పనులకు దించకూడదు. ఓపిక నేర్పాలంటే పసితనాన్ని ఫీజుగా తీసుకోనక్కర్లేదు.

బిగించేటప్పుడే విప్పేవాడు గుర్తుండాలి

ఇంత కష్టపడి ఊడదీసిన చోట మళ్లీ పాత బోల్టే పెడితే? చాలామంది చేసే పొరపాటదే. ఒకసారి సాగి, కాలి, సుత్తి దెబ్బలు తిన్న యూ బోల్టును తిరిగి వాడకూడదు. కొత్తది కొనేటప్పుడు దాని మీద అంకె చూడాలి. 8.8 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడు తట్టుకునే రకం. 10.9 ఉంటే ఇంకా గట్టిది. కంపెనీ ఏ అంకె చెప్పిందో అదే వేయాలి. పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో అన్ని రకాలూ దొరుకుతాయి. చవకగా వస్తోందని అంకె లేని బోల్టు తెచ్చుకుంటే, మిగిలిన పది రూపాయలూ రోడ్డు మీద వెయ్యింతలై పోతాయి.

మరలకు తుప్పు నిరోధక గ్రీజు సన్నగా పూస్తే మళ్లీ విప్పడం తేలిక. కానీ ఇక్కడా ఓ మెలిక. గ్రీజు పూస్తే రాపిడి తగ్గుతుంది కాబట్టి, అదే బలంతో బిగిస్తే బోల్టు ఎక్కువ సాగుతుంది. అందుకే చక్రాల నట్లకు కంపెనీ చెబితే తప్ప నూనె, గ్రీజు రాయకూడదు. కొత్త యూ బోల్టులు వేశాక లోడుతో కొంత దూరం తిరిగొచ్చి, మరోసారి బిగించుకోవడం తప్పనిసరి.

పాత లారీలకు ఇప్పుడు గట్టి పరీక్షే నడుస్తోంది. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం ప్రకారం ఆ పరీక్షలో నెగ్గని బండికి మిగిలేది తుక్కు దారే. ఒకే ఒక్క లారీ మీద కుటుంబాన్ని నడుపుకొనే యజమానికి బ్రేకులు, కమాన్లు, స్టీరింగు సరిగ్గా ఉండటమంటే ఇంట్లో పొయ్యి వెలగడమే. ఆ భాగాల్లో దేన్ని బాగు చేయాలన్నా ముందు ఓ బోల్టు ఊడి రావాలి. వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఆ బోల్టుతో బేరసారాలు రోజూ జరుగుతూనే ఉంటాయి.

ఈ రోజు బిగించే ప్రతి బోల్టునూ ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు విప్పాల్సిందే. ఆ మనిషి ఎవరో బిగించేవాడికి తెలియదు. అయినా రెండు వేళ్లతో కాస్త గ్రీజు పూస్తాడు చూశారూ... ముఖం తెలియని ఆ మనిషి కళ్లకీ, వేళ్లకీ అదే రక్ష!

ఇంట్లోనూ పనికొస్తుంది

* గేటు మడతబందు, సైకిలు, నీళ్ల మోటారు... ఎక్కడ నట్టు బిగుసుకున్నా సూత్రం ఒకటే. ముందు తుడవండి, నూనె వేయండి, రాత్రంతా ఆగండి, ఆ తర్వాతే పానా పట్టండి.

* విప్పి పక్కన పెట్టిన చిన్న నట్లకు తుప్పు ఉంటే వెనిగర్‌లో ఓ రాత్రి నానబెట్టండి. ఇత్తడి చెంబుకు చింతపండు ఎలా పనిచేస్తుందో తుప్పుకు వెనిగర్ అలా. తీశాక కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయండి.

* సైకిలు ఎడమ పెడలుకు ఎదురు మరలు ఉంటాయి. దాన్ని విప్పాలంటే అన్ని నట్లలా కాదు, గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి.

* కరెంటుతో నడిచే వస్తువైతే ప్లగ్గు తీసేశాకే చెయ్యి పెట్టండి. గ్యాస్ పొయ్యి, సిలిండరు నట్ల జోలికి సొంతంగా వెళ్లొద్దు. అది డీలరు పంపే మెకానిక్ పని.